నెబులైజర్‌కి పరదా ఎందుకు?



నిరుడు రంజాన్ ఈద్ అయిన వారానికి ఒక బెహెన్ నాకు ఫోన్ చేసింది. ఆస్పత్రి నర్సు దగ్గర నా నంబర్ తీసుకుందట. ఆమె కొడుక్కి మూడేళ్ళు. మా గుడియాకున్న బీమారీయే, సిస్టిక్ ఫైబ్రోసిస్.

"ఆపా, మాస్క్ చూస్తే చాలు, వీడు ఇల్లంతా పరిగెడతాడు. నేనూ వాడి అబ్బా ఇద్దరం కలిసి పట్టుకోవాలి. మీ పాప కుదురుగా కూర్చుంటుందని నర్సమ్మ చెప్పింది. ఏం బొమ్మలు కొనిచ్చారు?" అని అడిగింది.

నేను ఆమెను ఒకటే అడిగాను. "ఇంటికి మెహమాన్ వస్తే ఆ మషీన్ ఎక్కడ పెడతారు?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "బీరువా వెనక" అంది.

ఈ మజ్మూన్ ఆ బీరువా గురించే. బచ్చా ట్రీట్‌మెంట్‌కి సహకరించాలంటే ఏం చేయాలని చాలామంది నన్ను అడుగుతున్నారు. బొమ్మలూ, కార్టూన్లూ, లాలచ్‌లూ ఆ తర్వాత సంగతి. ముందు మనం దాచడం మానాలి. మనం ఏదైతే సిగ్గుపడి దాస్తామో దాన్ని బిడ్డ ఇష్టంగా చేయడు. ఇది నేను కిస్మత్ బాగుండి నేర్చుకున్నది కాదు, మూడేళ్ళు తప్పులు చేసి నేర్చుకున్నది.

బీమారీ సంగతి ముందు కొంచెం చెబుతాను. మన ఖాందాన్‌లలో చాలామందికి దీని పేరు కూడా తెలియదు. మన వంట్లో సీఎఫ్‌టీఆర్ అనే జీన్ ఉంటుంది. దాన్ని 1989లో కనిపెట్టారు. కణాల్లోంచి ఉప్పూ నీళ్ళూ సరిగా అటూ ఇటూ వెళ్ళేలా చూడటం దాని పని. అది పాడైతే ఊపిరితిత్తుల్లో బల్గం జిగురులా చిక్కబడి అంటుకుపోతుంది. అందులో క్రిములు కాపురం పెడతాయి. క్లోమం నుంచి రావాల్సిన అరుగుదల రసాల దారి కూడా మూసుకుపోతుంది, తిన్నది వంటబట్టదు. చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది.

గుడియాను ముద్దు పెట్టుకుంటే నా పెదాలకి ఉప్పు తగిలేది. నెల్లూరు ఎండలు కదా అనుకున్నాను. దగ్గు తగ్గదు, బరువు పెరగదు. ఒక డాక్టర్ నిమోనియా అన్నారు, ఇంకొకరు టీబీ అన్నారు. ఏడాదిన్నర దాటాక పెద్దాసుపత్రిలో చెమట పరీక్ష చేశారు. అందులో క్లోరైడ్ 60 గాని అంతకు మించి గాని వస్తే ఈ బీమారీ అని లెక్క. మా పాపకి 98 వచ్చింది.

అప్పట్నుంచి మా ఇంటి టైంటేబుల్ మారిపోయింది. పొద్దునా సాయంత్రం ముందు ఊపిరి గొట్టాలు తెరుచుకోవడానికి పఫ్. తర్వాత బల్గం పలచబడటానికి ఉప్పునీళ్ళ నెబులైజేషన్, పది పదిహేను నిమిషాలు. తర్వాత అరచేతిని దొప్పలా చేసి ఛాతీ, వీపు, పక్కలు తట్టడం, అది ఇంకో ఇరవై నిమిషాలు. కొన్ని నెలల్లో దాని తర్వాత యాంటీబయాటిక్ నెబులైజేషన్. ఇదంతా కడుపు నిండకముందే అయిపోవాలి, లేకపోతే తిన్నది కక్కుకుంటుంది. తిండి ముందు ప్రతిసారీ ఎంజైమ్ క్యాప్సూల్. రోజూ ఎ, డి, ఇ, కె విటమిన్లు. ఎండాకాలం అదనంగా ఉప్పు. ఆ పైన మషీన్ కప్పూ మాస్కూ కడగాలి, కప్పు మరిగించాలి, ఆరబెట్టాలి. ఫజర్ నుంచి ఇషా దాకా లెక్కేస్తే రోజుకి రెండు గంటలకు పైనే. ఈద్ రోజైనా, షాదీ రోజైనా ఛుట్టీ లేదు.

ఇదంతా రెండేళ్ళ పిల్లతో చేయించాలి. ఆ పిల్లకి వంట్లో బాగానే ఉంటుంది, ఆడుకుంటూ ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఊపిరితిత్తులు ఏమవుతాయో ఆ వయసుకి ఎలా సమఝ్ అవుతుంది? నాకు మాత్రం తెలుసు. అందుకే నాకు ఖౌఫ్. ఆ ఖౌఫ్‌లో నేను చేసిన పనులు చెబుతాను.

మొదటిది జబర్దస్తీ. గుడియా అబ్బా కాళ్ళు పట్టుకుంటే నేను తల పట్టుకుని మాస్క్ నొక్కేదాన్ని. అది ఏడుస్తుంటే, నోరు పెద్దగా తెరిచింది కదా, మందు లోపలికి పోతుందిలే అనుకునేదాన్ని. ఒకసారి ఫిజియోథెరపిస్ట్ చూసి ఆపించారు. ఏడ్చే బచ్చా గాలి బయటికి ఎక్కువసేపు వదులుతుంది, లోపలికి గబుక్కున కొంచెమే పీలుస్తుంది, మందు చాలావరకు ముఖం మీదా గొంతులోనే ఉండిపోతుంది, ఊపిరితిత్తులకి చేరేది బహుత్ తక్కువ అని చెప్పారు. అంటే నేను నా బిడ్డని రోజూ రెండుసార్లు ఏడిపించాను, మందూ చేరలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది ఝూట్. క్యాప్సూల్ మింగలేదు కాబట్టి విప్పి, లోపలి చిన్న చిన్న పూసల్ని మెత్తటి పుల్లటి పండు గుజ్జులో, ఉడికించిన ఆపిల్ లాంటి దాంట్లో, ఒక చెంచా కలిపి పెట్టమన్నారు. నమలకుండా మింగాలి, తర్వాత నీళ్ళు తాగాలి. అది వద్దంది. నేను దానికి ఇష్టమైన ఖీర్‌లో కలిపేశాను, చెప్పకుండా. ఆ పూసల మీద ఒక పూత ఉంటుంది. పాలలో, వేడిలో అది కరిగిపోతుంది, మందు నోట్లోనే పని మొదలెడుతుంది. నోరంతా పుళ్ళు పడ్డాయి. ఎందుకో నాకు తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. దానికి మాత్రం అమ్మీ ఖీర్‌లో ఏదో కలిపిందని వెంటనే తెలిసిపోయింది. ఆ తర్వాత ఆరు నెలలు నా చేతి ఖీర్ ముట్టలేదు. ఏం పెట్టినా ముందు వేలితో కెలికి చూసేది. మూడేళ్ళ పిల్ల తన అమ్మీ పెట్టిన ముద్దని కెలికి చూసుకుని తినడం కంటే షర్మిందగీ ఏముంది నాకు?

మూడోది ధమ్కీ. "పెట్టుకోకపోతే సూదే" అన్నాను. ఆ మాట అన్నాక ఆస్పత్రి గేటు చూస్తేనే ఏడుపు. రేపు నిజంగా సూది అవసరమైనప్పుడు అది నా బిడ్డకి ఇలాజ్‌లా కనబడాలా, సజాలా కనబడాలా? ఆ మాట అనేముందు ఇది ఆలోచించలేదు నేను.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది, దాచడం. ఇది తప్పని నాకు తోచనే లేదు. ఇజ్జత్ కాపాడుకుంటున్నాం అనుకున్నాను.

మా అత్తగారు నాకు సొంత ఖాలా. అంటే నేనూ మా ఆయనా ఖాలా పిల్లలం. ఈ బీమారీ రావాలంటే పాడైన జీన్ అమ్మ నుంచీ రావాలి, నాన్న నుంచీ రావాలి, రెండు వైపులా. ఒకటే పాడైతే మనిషికి ఏమీ కాదు, తెలియను కూడా తెలియదు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. ఖాందాన్‌లో రిష్తా చేసుకున్నప్పుడు ఇద్దరి దగ్గరా అదే జీన్ ఉండే అవకాశం పెరుగుతుంది. మన ముసల్మాన్లలోనే కాదు, మేనరికం చేసుకునే తెలుగువాళ్ళందరికీ ఇదే మాట. కానీ అప్పట్లో మా ఇంటికొచ్చిన ఆడవాళ్ళు నా దూద్‌లో ఖరాబీ అన్నారు, నజర్ అన్నారు, ఫలానా దర్గాకి మన్నత్ తీర్చలేదన్నారు. ఖాలా భయపడ్డారు. చిన్న కొడుక్కి రిష్తాలు చూస్తున్నారు అప్పుడు. "బయట తెలిస్తే పిల్ల ఎవరిస్తారు? రేపు గుడియాని ఎవరు చేసుకుంటారు?" అన్నారు. దాంతో మషీన్ వెనక గదిలోకి వెళ్ళింది, పరదా వెనక్కి. బెల్ మోగితే ఆపేయడం, మాస్క్ తీసేయడం. దగ్గు గురించి అడిగితే ఐస్‌క్రీం తిన్నదని చెప్పడం.

గుడియాకి నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులప్పుడు బిస్మిల్లా తఖ్రీబ్ చేశాం. ఇల్లంతా మెహమాన్లు. కొత్త జోడా, పూల సెహరా, ముద్దుగా కూర్చుని చదివింది. ఆ రోజు సాయంత్రం ట్రీట్‌మెంట్ ఎగ్గొట్టాం. మెహమాన్లున్నారు కదా అని. 

తర్వాత వారం. మగ్రిబ్ ముందు నెబులైజర్ పెట్టాను, ఆ రోజు ఎందుకో గొడవ చేయలేదు. బెల్ మోగింది. నేను లేచేలోపే అది మాస్క్ పీకేసి తలగడ కింద పెట్టింది, వెళ్ళి పరదా వెనక నిలబడింది. వచ్చింది కరెంటు బిల్లు అబ్బాయి. నేను బిల్లు తీసుకుని వచ్చి పరదా తీశాను. చిన్న అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని దగ్గు ఆపుకుంటోంది. ముఖం ఎర్రగా అయిపోయింది.

"వాళ్ళు వెళ్ళిపోయారా అమ్మీ? ఇప్పుడు దగ్గొచ్చా?" అంది.

ఈ బీమారీలో దగ్గే బల్గాన్ని బయటికి తోస్తుంది. మేం ఇన్ని మందులు పెట్టి, ఇంతసేపు వీపు తట్టి రప్పించాలనుకునేది ఆ దగ్గునే. నా బిడ్డ దాన్ని గునాహ్‌లా దాచుకుంటోంది. ఎవరూ చెప్పలేదు దానికి. మమ్మల్ని చూసి నేర్చుకుంది.

ఆ రోజే నాకు అర్థమైంది, అది జిద్దు చేస్తున్నది మందు మీద కాదు. ఇంట్లో మిగతా పిల్లలెవరూ చేయనిదీ, అమ్మీ అబ్బా మెహమాన్లకి చూపించడానికి సిగ్గుపడేదీ తనతో ఎందుకు చేయిస్తున్నారని దాని సవాల్. దానికి జవాబివ్వకుండా బొమ్మలిస్తే ఏం లాభం?

మర్నాడు మషీన్ హాల్లోకి తెచ్చాను, దీవాన్ పక్కన చిన్న మేజా మీద. ఖాలా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పక్కనే కూర్చున్నారు, తస్బీహ్ పట్టుకుని. గుడియా మాస్క్ లోంచే పూసలు లెక్కపెట్టడం మొదలెట్టింది. "దాదీమా, ఇది అయ్యేలోపు ఎన్నిసార్లు తిరుగుతుంది తస్బీహ్?" ఇప్పుడు అది వాళ్ళిద్దరి రివాజ్. వీపు తట్టే పని కూడా దాదీమాయే తీసుకున్నారు. నా చెయ్యి గట్టిగా తగులుతుందట, దాదీమా చెయ్యి మెత్తనట.

మిగతా తరీఖాలన్నీ ఆ తర్వాత పనిచేశాయి. మాకు పనికొచ్చినవి చెబుతాను.

వఖ్త్ ఒకటే పెట్టుకున్నాం. సాయంత్రం అసర్ అజాన్ వినబడితే మషీన్. నేను "రా" అని పిలవను, అజాన్ పిలుస్తుంది. రోజూ బేరం ఉండదు.

ఖుల్లాగా చెబుతాం. "నీ ఛాతీలో బల్గం జిగురుగా ఉంటుంది బేటా, ఈ ఉప్పునీళ్ళ పొగ దాన్ని పలచగా చేస్తుంది, దాదీమా తడితే కదులుతుంది, నువ్వు దగ్గితే బయటికొస్తుంది." అయిదేళ్ళ పిల్లకి ఇది చాలు. క్యాప్సూల్‌కి అది "కత్తెర" అని పేరు పెట్టుకుంది, కడుపులో నెయ్యిని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరిస్తుందని. ఆ మాట ఎంత సహీయో ఆలోచించండి.

ఇఖ్తియార్ ఇస్తాం, కానీ దేంట్లో ఇవ్వాలో దాంట్లోనే. చేయాలా వద్దా అన్నది దాని చేతిలో లేదు. ఏ చెడ్డీ మీద కూర్చోవాలి, ముందు కుడి పక్క తట్టాలా ఎడమ పక్కా, ఏ కహానీ వినాలి, స్విచ్ ఎవరు వేయాలి, ఇవన్నీ దాని హుకుం. "పెట్టుకుంటావా?" అని అడగొద్దు. అలా అడిగితే "వద్దు" అనే హక్ ఇచ్చినట్టే. ఆ జవాబు వచ్చాక మళ్ళీ జబర్దస్తీ చేస్తే మనమే బేఈమాన్.

ఆటలో కలిపాం. అద్దం మీద నోరు తెరిచి "హా" అని ఆవిరి పట్టించడం, సబ్బు బుడగలు ఊదడం, దీవాన్ మీద గెంతడం. చూసేవాళ్ళకి ఆట, ఊపిరికి కసరత్. ఆ అద్దం ఆట నుంచే బల్గం పైకి తెచ్చే ఊదడం నేర్చుకుంది.

తన ఖిద్మత్ తను చేసుకుంటుంది. కప్పు కడిగేటప్పుడు దగ్గర నిలబడుతుంది, ఆరబెట్టే గుడ్డ అదే పరుస్తుంది. తన సామాన్ తనదనిపించాలి.

తారీఫ్ చేసేటప్పుడు "బాగా అయిపోతుంది నీకు" అనను. ఆ వాదా నా చేతిలో లేదు. "ఈ రోజు కదలకుండా పూర్తి చేశావు, మాషా అల్లాహ్" అంటాను. చేసింది ఏదో దానికే తారీఫ్.

ఇప్పటికీ ఖరాబ్ రోజులుంటాయి. జలుబు చేసిన రోజు, నిద్ర చాలని రోజు ఏడుస్తుంది, మాస్క్ విసిరేస్తుంది. అప్పుడు కాసేపు ఆపి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నిజమే, విసుగ్గానే ఉంటుంది, నాకైనా విసుగే" అని ఒప్పుకుంటాను. అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ మొదలు. ఆపడం వేరు, ఎగ్గొట్టడం వేరు.

ఇప్పుడు ఏతరాజ్‌ల సంగతి. చాలామంది బెహెన్‌లు అంటారు, "మీరు చెప్పింది బాగానే ఉంది, కానీ ఆడపిల్ల. రిష్తా?" నేను ఖాలాకి చెప్పిందే మీకూ చెబుతాను. దాచి రిష్తా చేస్తే రేపు ఆ ఇంట్లో కూడా అది పరదా వెనకే నిలబడి దగ్గు ఆపుకోవాలి. అలాంటి ఇల్లు నాకు వద్దు. ఇంకో సంగతి. మేం దాచి ఉంటే మా మరిది ఖూన్ పరీక్ష చేయించుకునేవాడు కాదు. మా ఆయన అన్నదమ్ముల్లో ఎవరికైనా ఈ జీన్ ఉండొచ్చు. చెప్పాం కాబట్టే వాడు పరీక్ష చేయించుకుని, పెళ్ళికూతురి వాళ్ళతో ఖుల్లాగా మాట్లాడి నికాహ్ చేసుకున్నాడు. దాచడం వల్ల ఖాందాన్ బతకదు. చెప్పడం వల్లే పుట్టబోయే పిల్లల సంగతి ముందే ఆలోచించుకోగలుగుతారు.

"నజర్ తగులుతుంది" అంటారు. దువా చదివి ఊదండి, నేనూ ఊదుతాను. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న దీన్ మనది. మషీన్ ఆపి తావీజ్ కట్టడం తవక్కుల్ కాదు. "సబర్ చేయి" అంటారు. సబర్ అంటే నోరు మూసుకుని మూల కూర్చోవడం అనుకుంటున్నాం మనం. రోజూ అసర్‌కి అదే పని మళ్ళీ మళ్ళీ విసుక్కోకుండా చేయడమే నాకు తెలిసిన సబర్. ఆ సబర్ ఆరేళ్ళ నా బిడ్డ నాకంటే బాగా చేస్తోంది.

చివరగా, ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళే రిష్తేదార్లకి నాలుగు మాటలు. బిడ్డ ముందు "బేచారీ" అనకండి. మీరు అన్న ఆ ఒక్క మాట దింపడానికి మాకు నెల పడుతుంది. జలుబుంటే ఆ వారం రాకండి, ఫోన్‌లో సలాం చెప్పండి. దావత్‌లో దస్తర్‌ఖాన్ మీద ఏదైనా పెట్టేముందు "క్యాప్సూల్ వేసుకున్నావా బేటా?" అని అడగండి, తర్వాత నెయ్యీ మలాయీ ఎంతైనా పెట్టండి, అది దానికి కావాలి కూడా. మషీన్ నడుస్తుంటే ముఖం తిప్పుకోకండి. "ఇదేంటి, నాకు చూపించు" అనండి. మక్తబ్ ఉస్తానీ ఒకరు అలాగే అడిగారు. గుడియా పావుగంట తఖ్రీర్ చేసింది.

నాకు ఫోన్ చేసిన బెహెన్‌ని మేం ఇంకా కలవలేదు. ఈ బీమారీ ఉన్న ఇద్దరు పిల్లలు దగ్గరగా కూర్చోకూడదు, ఒకరి క్రిములు ఇంకొకరికి ఖతర్నాక్. అందుకే ఫోన్‌లోనే దోస్తీ. రెండు నెలల తర్వాత మళ్ళీ చేసింది. మషీన్ ఇప్పుడు వాళ్ళ హాల్లో ఉందట. వాడింకా పరిగెడతాడట, కానీ పట్టుకోవడానికి ఇద్దరు అక్కర్లేదట. వాడి మామూ వచ్చి పక్కన కూర్చుని తన ముక్కుకీ ఒక ఉత్తి మాస్క్ పెట్టుకున్నాడట. మామూని చూసి వాడూ పెట్టుకున్నాడు.

మొన్న జుమా రోజు మా ఇంట్లో బెల్ మోగింది. నేను వంటింట్లో ఉన్నాను. గుడియా మషీన్ ఆపి, మాస్క్ మెడకి వేలాడేసుకుని వెళ్ళి తలుపు తీసింది. పక్కింటి పెద్దమ్మగారు. "నాకు ఇంకా అయిదు నిమిషాలుంది, మీరు కూర్చోండి" అని చెప్పి వచ్చి మళ్ళీ స్విచ్ వేసుకుంది. మధ్యలో గట్టిగా దగ్గింది, ఎవరి వైపూ చూడకుండా.

అల్హందులిల్లాహ్. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. మన చేతిలో ఉన్నది ఆ పరదా తీయడం. మా గుడియాకీ, ఆ బెహెన్ కొడుక్కీ, ఇలాంటి బచ్చాలందరికీ దువా చేయండి. మీ ఇంట్లో కూడా ఇలాంటి మషీన్ ఎక్కడో వెనక గదిలో ఉంటే, ఈ రోజు అసర్ లోపు దాన్ని బయటికి తీసుకురండి.

అల్లాహ్ హాఫిజ్.